బైక్ ఇంజిన్ ఆయిల్: బండి చూపించే లక్షణాన్ని బట్టి కారణం, పరిష్కారం (వైజాగ్ బండ్ల కోసం)

ఆయిల్ మార్పించిన వారానికే బండి ఏదో తేడాగా ఉందనిపిస్తే చాలామంది చేసే మొదటి పని ఇంకా ఖరీదైన ఆయిల్ కొనడం. డబ్బులు పోతాయి తప్ప తేడా పోదు. బైక్ ఆయిల్‌లో ధర కన్నా, కంపెనీ పేరు కన్నా ముందు చూడాల్సినవి డబ్బా మీద ఉండే మూడు వివరాలు. ఒకటి గ్రేడు, అంటే 10డబ్ల్యూ-30, 20డబ్ల్యూ-50 లాంటిది. రెండోది ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) నాణ్యత స్థాయి చెప్పే అక్షరాలు, ఎస్‌ఎల్, ఎస్‌ఎన్ అని ఉంటాయి. మూడోది జాసో ముద్ర, అంటే జపాన్ వాళ్ల బైక్ ఆయిల్ ప్రమాణం: ఎంఏ, ఎంఏ2, ఎంబీ. మీ బండికి ఇవి ఏవి కావాలో మాన్యువల్‌లో రాసే ఉంటుంది. మాన్యువల్ పోతే కంపెనీ వెబ్‌సైట్‌లో వెతకండి, చాలా మోడల్స్‌కి దొరుకుతుంది. ఇది చేతిలో పెట్టుకుని కింద మీ బండి లక్షణం ఏదో చూసుకోండి.

రేస్ ఇస్తే ఇంజిన్ అరుస్తోంది, బండి మాత్రం లాగట్లేదు

వైజాగ్‌లో ఇది ఎక్కువగా బయటపడేది సింహాచలం ఘాట్ మీదో, కైలాసగిరి ఎక్కేటప్పుడో. బీచ్ రోడ్డులో నెమ్మదిగా తిరిగినంతసేపు తెలియదు. ఇద్దరు కూర్చుని కొండ ఎక్కుతుంటే ఆర్‌పీఎం పెరుగుతుంది, స్పీడు అక్కడే ఉంటుంది, ఒక్కోసారి మాడిన వాసన కూడా వస్తుంది. క్లచ్ జారుతోందన్నమాట.

ఆయిల్‌ని అనుమానించే ముందు క్లచ్ లివర్ చూడండి. లివర్ చివర సుమారు 10 నుంచి 20 మిల్లీమీటర్ల ఫ్రీ ప్లే, అంటే క్లచ్ పట్టేలోపు లివర్ వదులుగా కదిలే దూరం, ఉండాలి (మీ బండికి ఎంతో మాన్యువల్‌లో సరిగ్గా ఉంటుంది). కేబుల్ బిగుసుకుపోయి ప్లే అసలు లేకపోతే ఆయిల్ ఎంత మంచిదైనా క్లచ్ జారుతుంది. అది సెట్ చేసుకోవడం అరగంట కూడా పట్టని పని.

కేబుల్ సరిగ్గానే ఉండి, ఆయిల్ మార్చాకే ఇది మొదలైతే మాత్రం డబ్బా తిప్పి చూడండి. చాలా బైకుల్లో క్లచ్ ప్లేట్లు ఇంజిన్ ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి, గేర్‌బాక్సుకీ అదే ఆయిల్. కారులో అలా కాదు, అక్కడ క్లచ్ పొడిగా విడిగా ఉంటుంది, గేర్ ఆయిల్ వేరు. అందుకే కారు ఆయిళ్లలో, ముఖ్యంగా 0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30 లాంటి పల్చటి వాటిలో, మైలేజ్ కోసం రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. కారు ఇంజిన్‌కి అవి మంచివే. బైక్‌లో అవే క్లచ్ ప్లేట్ల మీద చేరితే ప్లేట్లకి పట్టు పోతుంది. డబ్బా మీద గుండ్రటి ఏపీఐ ముద్ర కింది భాగంలో 'రిసోర్స్ కన్జర్వింగ్' అనో, పాత స్టాకులో 'ఎనర్జీ కన్జర్వింగ్' అనో ఉంటే, ఆ డబ్బా మీద జాసో ఎంఏ, ఎంఏ2 ముద్ర లేకపోతే, అది మీ బైక్‌కి వద్దు. జపాన్ వాళ్లు బైక్ ఆయిళ్లకి విడిగా జాసో ప్రమాణం పెట్టింది కూడా ఈ క్లచ్ గొడవ వల్లే, 1998లో. ఆ ముద్ర డబ్బా వెనక చిన్న పెట్టెలా ఉంటుంది, పైన ఒక కోడ్ నంబరు, కింద ఎంఏ లేదా ఎంఏ2. ఎంఏ2 అంటే క్లచ్‌కి ఎక్కువ పట్టు ఇచ్చేది. ముందు వైపు పెద్ద అక్షరాలతో 'ఫోర్ టీ' (ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌కి అని) ఉంది కదా అని సరిపెట్టుకోకండి, ఆ ముద్ర వెతకండి. స్కూటర్ ఆయిల్ మీదా ఫోర్ టీ అనే ఉంటుంది.

పరిష్కారం: ఆ ఆయిల్ మొత్తం తీసేసి, సరైన ఎంఏ2 పోసి, కొన్ని వందల కిలోమీటర్లు నెమ్మదిగా నడపండి. ప్లేట్లు మాడకపోతే చాలా వరకు పట్టు తిరిగి వస్తుంది. ఒకసారి మార్చాక కూడా కొంచెం జారుతుంటే మరోసారి మార్చి చూడొచ్చు. మాడిన వాసన వచ్చేదాకా నడిపి ఉంటే మాత్రం ప్లేట్ల సెట్ మార్చాల్సిందే, ఇంక ఆయిల్ మీద డబ్బు పెట్టకండి.

గేర్లు గట్టిగా పడుతున్నాయి, సిగ్నల్ దగ్గర న్యూట్రల్ దొరకట్లేదు

ఎన్‌ఏడీ, గాజువాక, మద్దిలపాలెం ట్రాఫిక్‌లో రోజూ తిరిగేవాళ్ల ఫిర్యాదు ఇది. పొద్దున బాగానే ఉంటుంది, ఇంజిన్ బాగా వేడెక్కాక మొదలవుతుంది. ఆయిల్ వేసి చాలా కాలమైతే కారణం దాదాపుగా ఆయిలే. మల్టీగ్రేడ్ ఆయిల్‌లో వేడికి మరీ పల్చబడకుండా పాలిమర్లు కలుపుతారు. బైక్‌లో అదే ఆయిల్ గేర్ పళ్ల మధ్య నలుగుతుంది కాబట్టి ఆ పాలిమర్లు తెగిపోతూ ఉంటాయి. గ్రేడులో రెండో నంబరు 50 అని కొన్నది కొన్ని వేల కిలోమీటర్లకి 40లా ప్రవర్తించడం మొదలుపెడుతుంది. గేర్ మార్పు గరుకుగా మారితే ఆయిల్ టైం అయిపోయిందని బండి ముందే చెబుతున్నట్టు.

కొత్త ఆయిల్ వేసిన రోజు నుంచే ఇలా ఉంటే మాత్రం గ్రేడు తప్పు అయ్యుండొచ్చు, లేదా క్లచ్ ప్లే ఎక్కువై లివర్ పూర్తిగా పట్టినా క్లచ్ విడవకపోవడం అయ్యుండొచ్చు. రెండోది ముందు చూసుకోండి, దానికి ఖర్చు లేదు.

ఆయిల్ మూత విప్పితే కింద పాలు ఎక్కువైన టీ రంగు నురగ

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఊరి గాలికి, వానకి ఇది బాగా కనిపించే లక్షణం, పైగా భయపడాల్సిన సందర్భం, అక్కర్లేని సందర్భం రెండూ ఉన్నాయి.

ద్వారకానగర్ నుంచి జగదాంబకి, మళ్లీ వెనక్కి, ఇలా రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కదు. గాలిలో తేమ ఇంజిన్ లోపల చల్లటి చోట నీరుగా పట్టి ఆయిల్‌తో కలుస్తుంది. మూత చల్లగా ఉంటుంది కాబట్టి నురగ ముందు అక్కడే కనిపిస్తుంది. గుడ్డతో తుడిచి, గేజ్ (ఆయిల్ లెవెల్ చూసే పుల్ల) తీసి చూడండి. గేజ్ మీద ఆయిల్ మామూలు రంగులో ఉంటే టెన్షన్ వద్దు. వారానికోసారి ఆపకుండా అరగంట పైన నడిపితే, భీమిలి దాకా వెళ్లొచ్చినా చాలు, ఆ తేమ ఆవిరైపోతుంది.

గేజ్ మీద కూడా అదే రంగు ఉంటే ఆయిల్‌లో నీరు బాగా కలిసిందని అర్థం. వానాకాలంలో అండర్‌బ్రిడ్జిల దగ్గర, జ్ఞానాపురం వైపు పల్లపు రోడ్లలో నీళ్లు నిలిచినప్పుడు బండి మునిగి ఆగిపోయి ఉంటే, దయచేసి సెల్ఫ్ కొట్టకండి, కిక్కూ కొట్టకండి. తోసుకుని షెడ్డుకి తీసుకెళ్లి ఆయిల్, ఫిల్టర్ మార్పించండి, ఎయిర్ ఫిల్టర్ బాక్సులో నీళ్లు తీయించండి. చౌక ఆయిల్ వేసి కాసేపు తిప్పి, అదీ తీసేసి, అప్పుడు అసలు ఆయిల్ పోయించుకోవడం మంచిది.

బండి నీళ్లలోకి దిగకపోయినా ఆయిల్ తెల్లబడితే, అది కేటీఎం, ఆర్15, ఎన్‌ఎస్200 లాంటి లిక్విడ్ కూల్డ్ బండి అయితే, కూలెంట్ ట్యాంకులో లెవెల్ చూడండి. అది తగ్గుతుంటే వాటర్ పంప్ సీలో, హెడ్ గాస్కెటో పోయింది. ఏ ఆయిల్ పోసినా ఆగదు, నడపకుండా బాగు చేయించుకోవాలి.

ఆయిల్ తగ్గిపోతోంది, సైలెన్సర్‌లో నీలం పొగ

ముందు లెవెల్ సరిగ్గా చూస్తున్నారో లేదో చూసుకోండి. ఇంజిన్ మూడు నాలుగు నిమిషాలు నడిపి, ఆపి, రెండు మూడు నిమిషాలు ఆగి, బండి నిటారుగా పెట్టి చూడాలి. సైడ్ స్టాండ్ మీద చూసిన లెవెల్‌కి విలువ లేదు. హీరో, హోండా బండ్లలో గేజ్ తుడిచి ఊరికే ఆనించి తీయాలి, మర బిగించి కాదు. గాజు కిటికీ ఉన్న బండ్లలో రెండు గీతల మధ్య ఉంటే చాలు.

నిజంగానే తగ్గుతుంటే పొగ ఎప్పుడు వస్తుందో గమనించండి. పొద్దున స్టార్ట్ చేయగానే ఒక్కసారి గుప్పుమని ఆగిపోతే సాధారణంగా వాల్వ్ సీళ్లు. రేస్ ఇచ్చిన ప్రతిసారీ వస్తుంటే పిస్టన్ రింగులు లేదా బోరు. ఇక్కడ కొంతమంది 'చిక్కటి ఆయిల్ పోయండి, పొగ తగ్గుతుంది' అని సలహా ఇస్తారు. కొన్నాళ్లు తగ్గుతుంది, నిజమే. కానీ అరిగిన రింగు అరిగినట్టే ఉంటుంది, పైగా 10డబ్ల్యూ-30 కోసం చేసిన ఇంజిన్‌లో 20డబ్ల్యూ-50 పోస్తే చల్లగా ఉన్నప్పుడు పైన టాపెట్ల దాకా ఆయిల్ చేరడానికి ఎక్కువ టైం పడుతుంది, మైలేజీ కొంత పడిపోతుంది. రిపేర్ చేయించే స్తోమత వచ్చేదాకా ప్రతి ఆదివారం లెవెల్ చూసి కొంచెం కొంచెం పోసుకోవడం అంతకన్నా నయం.

ఎండలో ఇంజిన్ శబ్దం మారుతోంది, గ్రేడు పెంచాలా?

గ్రేడులో 'డబ్ల్యూ' ముందున్న నంబరు చలిలో స్టార్ట్ అవ్వడానికి సంబంధించింది. 20డబ్ల్యూ ఆయిల్‌ని చలి పరీక్షలో మైనస్ 15 డిగ్రీల దగ్గర చూస్తారు, 10డబ్ల్యూని మైనస్ 25 దగ్గర. వైజాగ్‌లో డిసెంబర్ తెల్లవారుజామున కూడా 15 డిగ్రీల కిందికి దిగడం అరుదు. లంబసింగి చలికి వెళ్లినా 20డబ్ల్యూ ఆయిల్ తట్టుకుంటుంది, కాబట్టి ముందు నంబరు గురించి ఇక్కడ బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

అసలు విషయం రెండో నంబరు. 100 డిగ్రీల వేడిలో ఆయిల్ ఎంత చిక్కగా ఉంటుందో అది చెబుతుంది: 30 అంటే 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ (చిక్కదనం కొలిచే యూనిట్), 40 అంటే 12.5 నుంచి 16.3, 50 అంటే 16.3 నుంచి 21.9. ఇంజిన్ భాగాల మధ్య సందులు, ఆయిల్ పంపు అన్నీ దీన్ని బట్టే డిజైన్ చేస్తారు. అందుకే స్ప్లెండర్, షైన్ లాంటి వాటికి 10డబ్ల్యూ-30, ఇప్పటి రాయల్ ఎన్‌ఫీల్డ్ 350లకి 15డబ్ల్యూ-50 చెబుతారు. మే నెల ఎండ చూసి 30 బండిలో 50 పోయకండి. వేసవిలో మన ఊళ్లో ఉండే వేడి కంపెనీ లెక్కలో ముందే ఉంటుంది, మాన్యువల్‌లో ఉష్ణోగ్రత పట్టిక ఉంటే మీకే తెలుస్తుంది. ఎస్.కోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు వెళ్లే ముందు చేయాల్సింది గ్రేడు మార్చడం కాదు, లెవెల్ పై గీత దగ్గరికి తెచ్చుకోవడం. ఆయిల్ తక్కువుంటే ఉన్న కొంచెమే ఎక్కువ వేడెక్కుతుంది, శబ్దం మారడానికి చాలాసార్లు అదే కారణం.

మినరల్, సింథటిక్ తేడా కూడా ఇక్కడే వస్తుంది. రోజూ ట్రాఫిక్‌లో ఎక్కువసేపు నిలబడే ఎయిర్ కూల్డ్ బండికి అదే గ్రేడులో సింథటిక్ వేస్తే వేడికి బాగా తట్టుకుంటుంది, డబ్బు పెట్టగలిగితే పెట్టొచ్చు. కాలేజీకి వెళ్లొచ్చే 100 సీసీ బండికి టైం ప్రకారం మార్చే మినరల్ చాలు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

యాక్టివాకి బైక్ ఆయిల్ పోశారు

పర్వాలేదు. స్కూటర్ క్లచ్ బెల్ట్ వైపు పొడిగా ఉంటుంది, అందుకే దానికి రాపిడి తక్కువుండే ఎంబీ ఆయిల్ చెబుతారు. గ్రేడు సరిపోతే, ఎంఏ పోసినందువల్ల మైలేజీ కాస్త తగ్గొచ్చు, అంతే. దీనికి ఉల్టా మాత్రం చేయకండి: ఎంబీ ఆయిల్ బైక్‌లో పోస్తే పైన చెప్పిన క్లచ్ గొడవ మొదలవుతుంది.

ఎయిర్ ఫిల్టర్ బాక్సులో ఆయిల్

సాధారణంగా ఆయిల్ ఎక్కువ పోసి ఉంటారు. లీటరు డబ్బా కొన్నాం కదా అని మొత్తం ఒంపేయడం వల్ల వచ్చేది ఇది. 800, 900 మిల్లీలీటర్ల డబ్బాలు విడిగా అమ్మేది అందుకే. ఎక్కువైనది తీసి, ఫిల్టర్ శుభ్రం చేస్తే సరిపోతుంది.

ఆయిల్ నల్లగా అయిపోయింది

మసిని తనలో కలుపుకోవడం ఆయిల్ పనిలో భాగం. రంగు చూసి మార్చకండి, కిలోమీటర్లు చూసి మార్చండి. బండి తక్కువ తిరిగితే ఏడాదికోసారి.

అన్నీ సరిగ్గానే ఉన్నాయి, అయినా తేడా

డూప్లికేట్ ఆయిల్ అయ్యుండొచ్చు. లూజు ఆయిల్ ఎంత చౌకైనా పోయించుకోవద్దు. సీల్ మీ కళ్ల ముందే విప్పాలి, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ చెరిగిపోకుండా ఉండాలి. పెట్రోల్ బంకుల్లో ఆయిల్ కంపెనీల సొంత ఫోర్ టీ ఆయిళ్లు ఉంటాయి, ముద్ర, గ్రేడు సరిపోతే అవి తీసుకోవడానికి వెనకాడక్కర్లేదు. ఖాళీ డబ్బాకి కత్తితో గాటు పెట్టి పారేయండి, మళ్లీ నింపి అమ్మకుండా. తీసిన పాత ఆయిల్‌ని గెడ్డలో పోయకండి, అది నేరుగా సముద్రంలోకే పోతుంది. షెడ్డులో డ్రమ్ము ఉంటుంది, అందులో పోయమనండి.

మార్చాక కింద చుక్కలు

డ్రెయిన్ బోల్ట్ వాషర్ పాతదే వేసి ఉంటారు. కొత్త వాషర్ వేయించండి, కానీ కారుతోంది కదా అని బోల్ట్‌ని బలం కొద్దీ బిగించనివ్వకండి. కింద కేసింగ్ అల్యూమినియం, థ్రెడ్ పోతే వాషర్‌తో అయ్యే పని పెద్ద ఖర్చవుతుంది. రాత్రి బండి కింద అట్టముక్క పెట్టి పొద్దున చూడండి. చుక్క బోల్ట్ కిందే ఉంటే వాషర్, ఎడమ పక్క చైన్ దగ్గర ఉంటే స్ప్రాకెట్ వెనక సీల్.