కిటికీలు మూసినా గదిలో చలేనా? సమస్య - పరిష్కారం

మహబూబ్‌నగర్, నల్లగొండ వైపు ఇళ్లు చాలావరకు ఎండాకాలాన్ని దృష్టిలో పెట్టుకుని, గాలి ఆడేలా కట్టినవి. డిసెంబరు, జనవరిలో తెల్లవారుజామున 15 డిగ్రీల కిందికి పడిందంటే ఆ గాలే వణికిస్తుంది. హీటర్ కొనే ముందు కిటికీ సంగతి చూడండి.

సమస్య: అన్నీ మూసినా సన్నగా చల్లగాలి తగులుతోంది.

కారణం: సందులు. ఎక్కడున్నాయో తెలియాలంటే ఫ్యాన్ ఆపి, కర్టెన్ పక్కకు జరిపి, వెలిగించిన ఊదుబత్తిని చౌకట్టు చుట్టూ మెల్లగా తిప్పండి. పొగ లోపలికి వంగిన చోట సందు ఉన్నట్టే. అల్యూమినియం స్లైడింగ్ కిటికీలో అది ఎక్కువగా రెండు అద్దాల తలుపులు కలిసేచోట ఉంటుంది. అంచున బ్రష్‌లా ఉండే ఊలు పట్టీ దుమ్ముకు అరిగి, బోడిగా అయిపోతుంది. చెక్క కిటికీ అయితే వానల్లో ఉబ్బిన రెక్క ఇప్పుడు ఆరి కుంచించుకుపోతుంది.

పరిష్కారం: ఊలు పట్టీ అల్యూమినియం పనివాళ్ల దగ్గర దొరుకుతుంది. పాత ముక్క ఒకటి పట్టుకెళ్లండి, సైజు తేడా వస్తే తలుపు కదలదు. గాడిలో మట్టి తీసేసి కొత్తది దూర్చండి. చెక్క రెక్క ఆనే చోట ఫోమ్ టేప్ అంటించండి, మరీ మందంగా ఉంటే గడియ పడదు. చౌకట్టుకీ గోడకీ మధ్య పగులుంటే సిలికాన్ పెట్టండి. కింది ట్రాక్‌లో వాన నీళ్లు పోయే రంధ్రాలు ఉంటాయి. వాటిని మాత్రం మూయకండి, మూస్తే వానాకాలంలో నీళ్లు ఇంట్లోకి వస్తాయి.

సమస్య: గాలి లేదు, అయినా కిటికీ పక్కన పడుకుంటే చలి.

కారణం: ఒంటి అద్దం గదిలోని వేడిని తేలిగ్గా బయటికి వదిలేస్తుంది.

పరిష్కారం: పొద్దుగూకగానే మందపాటి కర్టెన్ వేయండి, అది కిటికీ అంచులు దాటి గోడకు ఆనాలి. దక్షిణం కిటికీకి పగలు కర్టెన్ తీసేయండి, ఎండ ఊరికే వస్తుంది. రెండు పొరల అద్దం వేస్తే అద్దం గుండా పోయే వేడి దాదాపు సగం తగ్గుతుంది కానీ, మన రెండు నెలల చలికి ఆ ఖర్చు దండగే అంటాను.

సమస్య: తలుపు మీది వెంటిలేటర్ నుంచి చలి.

పరిష్కారం: రాత్రికి అట్టముక్క అడ్డం పెడితే చాలు. గ్యాస్ గీజర్ ఉన్న బాత్రూంలో, వంటింట్లో ఆ పని చేయకండి. బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునే గదిలోనైతే అసలే వద్దు. నిజానికి మూసిన గదిలో కుంపటే వద్దు, దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకు వాసన ఉండదు.