బండే ఇల్లయితే పరుపు ఎత్తి చూడండి

కారవాన్‌లోనో, కారు వెనక తగిలించిన ట్రైలర్‌లోనో పిల్లాపాపలతో కాపురం పెట్టి కోనసీమ వైపు వచ్చేవాళ్లు ముందు చూసుకోవాల్సింది ఏసీ కాదండి, పరుపు అడుగు. అసలే ఇక్కడ గాలిలో తేమ ఎక్కువ. చలికాలం రాత్రి నలుగురు తలుపులు బిగించుకుని పడుకుంటే ఊపిరిలోని ఆవిరంతా చల్లటి రేకుకి పట్టి నీరవుతుంది. పరుపు కింద గాలాడదు కాబట్టి అక్కడి చెమ్మ ఆరదు. పైన దుప్పటి పొడిగానే ఉంటుంది, ఎత్తితే చెక్క మీద నల్లటి బూజు చుక్కలు, ముక్కిన కంపు!

పరుపుని ప్లైవుడ్ మీద నేరుగా వెయ్యకండి. మధ్యలో మందపాటి కొబ్బరి పీచు చాప పరవండి. అంబాజీపేట చుట్టుపక్కల పీచు సరుకుకి కరువేముంది? ప్లైవుడ్ తీసేసి వేలెడు సందుతో చెక్క బద్దలు కొట్టిస్తే ఇంకా మేలు. పొద్దున లేవగానే పరుపుని గోడకి నిలబెట్టండి. రాత్రి ఎదురెదురు కిటికీలు కాస్త తెరిచి దోమల జాలీ వెయ్యండి, దోమల సంగతి వేరే చెప్పాలా. వంట వీలైనంత వరకు బయటే. గ్యాస్ మండినా ఆవిరి పుడుతుంది. పైగా సిలిండర్ గ్యాస్ గాలికన్నా బరువు, లీకైతే నేలబారున పేరుకుంటుంది. అందుకని నేల దగ్గర కూడా గాలి కన్నం ఉండాలి.

నీడ బాగుందని కొబ్బరిచెట్టు కింద మాత్రం ఆపకండి. కాయ దాకా ఎందుకు, ఎండు మట్ట పడినా సోలార్ పలక పగలొచ్చు. సన్నటి కాలవ గట్ల మీదకి ట్రైలర్ ఎక్కించే ముందు ఊళ్లోవాళ్లని అడగండి. ఎదురుగా గడ్డి ట్రాక్టరొస్తే వెనక్కి నడపడం మహా కష్టం.