బెజవాడ ఎండల్లో రెక్స్ బిగోనియా

మా ఇల్లు సత్యనారాయణపురంలో, రెండో అంతస్తు. రంగురంగుల ఆకుల కోసం పెంచుకునే కుండీ మొక్క రెక్స్ బిగోనియా పుట్టిల్లేమో అస్సాం వైపు తడి అడవులు. బెజవాడ మే నెల దానికి అగ్నిపరీక్షే. కానీ నా మొదటి మొక్క చచ్చింది ఎండకు కాదు, నా నీళ్లకు. ఆకు వాలిందని రోజూ చెంబుడు పోశాను. పీకి చూస్తే దుంప కుళ్లిన వంకాయలా మెత్తగా ఉంది.

ఇప్పుడు మట్టిలో వేలు ఒక కణుపు దాకా గుచ్చి, పొడిగా తగిలితేనే పోస్తాను. అదీ కుండీ అంచున, ఆకులు తడవకుండా. మట్టి అంటున్నానుగానీ అందులో కొబ్బరి పొట్టు రెండు పాళ్లు, వర్మికంపోస్టు ఒకటి, పెర్లైట్ (నీరు నిలవకుండా కలిపే తేలికైన తెల్లటి గుళికలు) ఒకటి. దుంపను పూడ్చేయొద్దు, అల్లం కొమ్ములా పైకి కనబడాలి.

ఉత్తరం కిటికీ చాలు. ఏసీ ఎదురుగా పెట్టమంది మా ఆడపడుచు. వారానికే ఆకుల అంచులు అప్పడాల్లా పెళుసెక్కాయి. చుట్టూ గాలిలో తేమ కోసం గులకరాళ్ల పళ్లెంలో నీళ్లు పోసి, రాళ్ల మీద కుండీ పెట్టడం నయం.

అసలు సరదా పిలకలు తీయడం. కార్తీకంలో, ఎండలు తగ్గాక, ఒక ముదురు ఆకు కోసి, వెనక లావు ఈనెల్ని బ్లేడుతో అక్కడక్కడా తెంపి, తడి కొబ్బరి పొట్టు మీద పరిచి పిన్నీసులతో అదమండి. పైన బిర్యానీ డబ్బా మూత. రోజుకోసారి మూత తీయకపోతే బూజే. కొన్ని వారాలకు తెంపిన చోటల్లా చిటికెన గోరంత ఆకులు, నూగుతో సహా! తెల్లటి పొడి చల్లినట్టుండే బూడిద తెగులు పట్టిన ఆకును మాత్రం వెంటనే తుంచేస్తాను.