నీట్ లైవ్ క్లాసులు ఇంటి నుంచి వినేవాళ్లకు

దేవరకొండ, అచ్చంపేట వైపు ఊళ్లలో లైవ్ క్లాసుకు మొదటి దెబ్బ కరెంటుది. వైఫై రూటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. ఎన్ని వోల్టులదో అడాప్టర్ మీద చూసి కొనాలి. మొబైల్ డేటా అయితే వీడియో 480పీకి దించండి, బోర్డు మీది అక్షరం కనబడితే చాలు. రికార్డింగ్ ఉందిలే అని వదిలేస్తే పాఠాలు కుప్పపడతాయి.

2025 నీట్‌లో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు. సగం, అంటే 90, బయాలజీవే. తప్పుకు ఒక మార్కు కోత. జవాబులు ఓఎంఆర్ షీటులో, అంటే గడులు నింపే జవాబు పత్రంలో, పెన్నుతో దిద్దాలి. అందుకే వారం టెస్టు మాత్రం ఫోన్‌లో వద్దు. ఓఎంఆర్ షీటు జిరాక్స్ తీయించి, మధ్యాహ్నం 2 నుంచి 5 దాకా పెన్నుతో దిద్దండి. గడులు నింపడానికి ఎంత టైం పోతుందో అప్పుడే తెలుస్తుంది. తెలుగు పేపరు కావాలంటే దరఖాస్తులోనే ఎంచుకోవాలి. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే చెల్లుతుంది.