ఫారంలో రాసిన తెలుగు పాడై చేరుతుంటే

మీ వెబ్‌సైట్ ఫారంలో ఎవరో తమ పేరు తెలుగులో రాసి పంపారు, మీ దగ్గర పిచ్చి గుర్తులు కనిపిస్తున్నాయి. వెంటనే సెట్టింగులు మార్చకండి. ముందు ఆ గుర్తులను శ్రద్ధగా చూడండి. తప్పు ఎక్కడ జరిగిందో అవే చెబుతాయి.

నేను పరీక్షకు ఎప్పుడూ ‘శ్రీ’ అని పంపుతాను. చూడటానికి ఒక్క అక్షరమే అయినా, అన్ని లిపుల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్‌లో అది 4 సంకేతాలు. ఆ సంకేతాలను బైట్లుగా రాసే పద్ధతి (ఎన్‌కోడింగ్) అయిన యూటీఎఫ్-8లో ఒక్కోదానికి 3 చొప్పున 12 బైట్లు. దాని బదులు నెత్తిన గీత ఉన్న లాటిన్ అక్షరం, పక్కన డిగ్రీ గుర్తు వస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ బైట్లను ఎక్కడో విండోస్-1252 అనే పాత లాటిన్ ఎన్‌కోడింగ్ అనుకుని చదివారు. చాలాసార్లు అసలు పాఠాన్ని తిరిగి రాబట్టవచ్చు.

వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే మాత్రం నాకు నిజంగా బాధ కలుగుతుంది. తెలుగుకు చోటు లేని ఎన్‌కోడింగ్‌లోకి మార్చేటప్పుడు అక్షరాలు పోయాయి. ఆ ప్రశ్నార్థకాల నుంచి వాటిని రాబట్టడం ఏ ప్రోగ్రామ్‌కూ సాధ్యం కాదు. పంపినవారినే మళ్లీ అడగాలి.

‘త’ బదులు త వచ్చిందంటే పేజీ యూటీఎఫ్-8 అని ప్రకటించలేదన్నమాట. తాను పంపలేని అక్షరాన్ని బ్రౌజర్ అంకెగా మార్చింది. పేజీ హెచ్‌టీఎంఎల్‌లోని మెటా ట్యాగులో చార్‌సెట్‌ను, అంటే ఎన్‌కోడింగ్ పేరును, యూటీఎఫ్-8గా, పేజీ మొదటి 1024 బైట్ల లోపే పెట్టండి. పేజీతో పాటు సర్వర్ పంపే సమాచారం (హెడర్) మరొకటి చెబితే హెడర్ మాటే చెల్లుతుంది కాబట్టి దాన్నీ చూడండి.

చివర్లో మాత్రమే నల్ల వజ్రంలో ప్రశ్నార్థకం కనిపిస్తే, పాఠాన్ని బైట్ల లెక్కన మధ్యలో కత్తిరించారేమో వెతకండి.

పేజీ సరిగ్గానే ఉంటే బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ విభాగం తెరిచి, పంపిన డేటా చూడండి. అక్కడ ‘శ్రీ’ క్షేమంగా ఉంటే లోపం సర్వర్ వైపే. సర్వర్‌లో ఫారాలను అందుకునే జావా ప్రోగ్రాములైన సర్వ్‌లెట్లలో ఎన్‌కోడింగ్‌ను మొదటి పారామీటర్ (ఫారంలో నింపిన విలువ) చదవకముందే చెప్పాలి, తర్వాత చెప్పినా ప్రయోజనం లేదు. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాత ‘యూటీఎఫ్8’ 3 బైట్ల వరకే పడుతుంది. తెలుగు అందులో ఇముడుతుంది కానీ, 4 బైట్ల ఎమోజీ ఇమడదు. అందుకని ‘యూటీఎఫ్8ఎంబీ4’ ఎంచుకోండి. డేటాబేస్ పట్టికను మార్చి, ప్రోగ్రామ్‌కు డేటాబేస్‌తో ఉన్న కనెక్షన్‌ను వదిలేసేవాళ్లు ఎక్కువ, దాని చార్‌సెట్ కూడా అదే కావాలి.

పట్టికలో ఇప్పటికే పాడై చేరిన పాత వరుసలను బాగు చేయడం ఆఖరి పని. ముందు నకలు తీసి, కొన్నింటి మీద ప్రయత్నించండి. లోపం సరిచేసిన సమయం రాసిపెట్టుకుని, ఆ తర్వాత చేరిన వరుసల జోలికి వెళ్లకండి. సరిగ్గా ఉన్నవాటిని మళ్లీ మార్చితే అవీ పాడవుతాయి.