కాగితమూ రంగూ – మూడవ పాఠం: చింపిన అంచుతో రాతిగుట్ట

కాగితాన్ని పొంగకుండా అతికించడం, అతికించిన కాగితంపై రంగు నిలిచేలా చేయడం గత రెండు పాఠాలలో వేరువేరుగా సాధన చేశాం. ఈ పాఠంలో రెండింటినీ ఒకే బొమ్మలోకి తెస్తున్నాం. విషయం కోసం దూరం పోనవసరం లేదు. నల్లగొండను ఆనుకొని ఉన్న లతీఫ్ సాహెబ్ గుట్టను గానీ, మీ ఊరి పక్కన ఉన్న ఏ రాతిగుట్టను గానీ ఉదయం ఎండలో అరగంట నిలబడి చూడండి.

గుట్టనే ఎందుకు ఎంచుకున్నానో చెప్పాలి. మన ప్రాంతపు గ్రానైటు రాయి పగుళ్ల వెంట విడిపోయి, ఎండకూ వానకూ మూలలు అరిగి గుండ్లుగా మారుతుంది. అందువల్ల ఒకే గుండుకు పగిలిన వైపు పదునైన అంచు, అరిగిన వైపు మెత్తని అంచు ఉంటాయి. కుంచెతో ఈ తేడాను పట్టుకోవడానికి ఏళ్ల సాధన కావాలి. కాగితాన్ని చేత్తో చింపితే ఆ అంచు దానంతట అదే పుడుతుంది. కాగితం ముక్కలు అతికించి బొమ్మ చేసే ఈ పద్ధతిలో, అంటే కొలాజ్‌లో, అంచే గీత అన్న మాటను ఈ పాఠమంతా మనసులో ఉంచుకోండి.

ముందుగా పాత దినపత్రికను చింపి చూడండి. నిలువుగా చింపితే చీలిక దాదాపు తిన్నగా దిగుతుంది, అడ్డంగా చింపితే వంకరలు తిరుగుతుంది. కాగితం తయారయ్యేటప్పుడు నార ఎక్కువగా ఒకే దిశలో సర్దుకోవడమే దీనికి కారణం. పగిలిన అంచుకు మొదటిది, అరిగిన అంచుకు రెండవది వాడుకోవచ్చు. తరువాత రంగు అచ్చయిన మందపాటి కాగితం, అంటే పాత క్యాలెండరు గానీ పెళ్లిపత్రిక గానీ తీసుకొని నెమ్మదిగా చింపండి. రెండు ముక్కలలో ఒకదాని అంచున తెల్లని నార బయటపడుతుంది, రెండవదానికి అది దాదాపు కనిపించదు. లాగే దిశ మారిస్తే ఆ తెలుపు అవతలి ముక్కకు మారుతుంది. ఈ తెల్లని అంచు మనకు ఎంతో విలువైనది, ఎందుకంటే గుండు నెత్తిన పడిన ఉదయపు ఎండ అదే. నా దగ్గర నేర్చుకునేవారు మొదట్లో దానిని లోపంగా భావించి కత్తెరతో కత్తిరించేస్తుంటారు. దయచేసి అలా చేయకండి.

ఇక బొమ్మ. పలుచని అట్టపై ఒకవైపే కాగితాలు అతికిస్తే ఆరేటప్పుడు ఆ వైపుకు వంగిపోతుంది కనుక, వెనుక కూడా ఒక తెల్ల కాగితం అతికించండి, లేదా ప్లైవుడ్ ముక్క వాడండి. దానిపై ఆకాశానికీ నేలకూ అక్రిలిక్ రంగును పలుచగా పూసి పూర్తిగా ఆరనివ్వండి. కింద రంగు లేకుండా అతికించిన ముక్కలు గోడకు అంటించిన పోస్టరులా విడిగా నిలబడిపోతాయి.

రెండు వంతుల ఫెవికాల్‌లో ఒక వంతు నీరు కలిపి, ఆ జిగురును పలకపైన ముందుగా, కాగితం వెనుక తరువాత రాయండి. దూరపు గుండ్లను చిన్న ముక్కలతో మొదట, దగ్గరి గుండ్లను పెద్ద ముక్కలతో చివర అతికించాలి. మధ్య నుంచి అంచులకు పొడిగుడ్డతో ఒత్తుతూ గాలిని బయటికి పంపండి. పైన ప్లాస్టిక్ కాగితం పరచి, బరువు పెట్టి, రాత్రంతా వదిలేయండి.

దినపత్రిక వాడేవారు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. మొదటిది, కళ్లు బొమ్మ కంటే ముందు అక్షరాలను చదువుతాయి. అందుచేత అక్షరాలు తలకిందులుగా వచ్చేలా ముక్కను తిప్పి అతికించండి. అప్పుడు మన గుండ్రని తెలుగు అక్షరాలు నాలుగడుగుల దూరం నుంచి రాతి మీది పొక్కుల్లా కనిపిస్తాయి. రెండవది, దినపత్రిక కాగితంలో కలప గుజ్జుతో పాటు మిగిలిపోయే లిగ్నిన్ అనే పదార్థం వెలుతురుకు పసుపు పచ్చగా మారుతుంది. నేను గోడకు తగిలించిన తొలి గుట్ట బొమ్మ రెండు వేసవులకే పచ్చబడి, నీడకూ వెలుగుకూ తేడా లేకుండా పోయింది. చాలాకాలం నిలవాలనుకునే బొమ్మలో దినపత్రికను రంగు కింద మాత్రమే వాడండి.

1912లో ఫ్రెంచి చిత్రకారుడు జార్జ్ బ్రాక్, కలప చారలు అచ్చయిన గోడకాగితాన్ని అవిన్యోన్‌లోని ఒక దుకాణంలో కొని, ముక్కలు చేసి తన బొగ్గు గీతల బొమ్మలో అతికించాడు. అక్కడ కలప అన్న సంగతిని కాగితం చెప్పింది, ఆకారాన్ని బొగ్గు గీత చెప్పింది. ఈ పని విభజననే మనం ఇక్కడ పాటించాలి. రాయి గరుకుదనాన్ని కాగితం చెప్పనివ్వండి, వెలుగునీడలను రంగు చెప్పనివ్వండి.

బొమ్మ పూర్తిగా ఆరాక ముదురు గోధుమ రంగులో కొద్దిగా నీలం కలిపి, నీటితో బాగా పలుచన చేసి, గుండ్ల మధ్య సందులలోకి జారనివ్వండి. ఆ నీడ ఒక గుండు అంచు దాటి పక్క గుండుపైకి కూడా కొంచెం పాకాలి. అలా పాకిన చోటే కాగితమూ రంగూ ఒకటవుతాయి. నున్నని క్యాలెండరు కాగితంపై రంగు నిలవకపోతే, ఎమ్రీ కాగితంతో ఒకసారి తేలికగా రుద్ది మళ్లీ పూయండి. చివరగా చిక్కని లేత రంగును, చింపిన అంచున తెల్లని నార ఆగిపోయిన చోట నుంచి మొదలుపెట్టి కొద్ది దూరం సాగదీయండి. కాగితం తెలుపు ఎక్కడ ముగిసి కుంచె తెలుపు ఎక్కడ మొదలైందో చూసేవారికి తెలియకూడదు.

గుట్ట కింద చెట్లు కూడా కావాలి. తాటాకు విసనకర్ర ఆకారంలో ఉంటుంది కనుక, ముందే ఆకుపచ్చ పూసి ఆరబెట్టిన కాగితాన్ని మడిచి కత్తెరతో కత్తిరిస్తే చక్కగా వస్తుంది. చింపిన రాళ్ల పక్కన కత్తిరించిన ఆ పదునైన అంచు చెట్టును ముందుకు తెస్తుంది. ఈతాకులను మాత్రం కాగితంతో చేయబోకండి. ఈకలా చీలిన ఆ సన్నని రెమ్మలకు మొన తేలిన కుంచెయే తగినది.

వచ్చే పాఠానికి ఒక నలుపు తెలుపు జిరాక్స్ ప్రతిని సిద్ధంగా ఉంచుకోండి. దానిలోని మసిని పలకపైకి దించడం నేర్చుకుంటాం. దించినప్పుడు బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతాయి కనుక, అక్షరాలున్న బొమ్మను అద్దంలో కనిపించినట్టు కుడి ఎడమలు మార్చి జిరాక్స్ తీయించుకోవాలి.