సిగార్ పట్టుకుని కాలుగాలిన పిల్లిలా తిరక్కండి

నా మొదటి సిగార్ ఇరవై నిమిషాల్లో అయిపోయింది. మర్చంట్ నేవీలో ఉన్న ఫ్రెండ్ సెలవులకి వస్తూ తెచ్చాడు, డొమినికన్ రిపబ్లిక్ సరుకు, రొబస్టో అంటారు ఆ సైజుని, సుమారు ఐదంగుళాల పొడవు, బొటనవేలంత లావు. మన వైజాగ్ లాసన్స్ బే కాలనీలో వాళ్ల మేడ మీద, రాత్రి భోజనం కూడా చెయ్యకుండా, అటూ ఇటూ తిరుగుతూ సిగరెట్‌కి మల్లే దమ్ము మీద దమ్ము లాగేశాను. "ఏట్రా, బస్సెల్లిపోతందా?" అన్నాడు వాడు. నేను వినలేదు. సగానికి నాలుక చేదెక్కింది, ఇంకాస్తకి ఒళ్లంతా చెమటలు, కళ్లు తిరుగుడు, ఆ తర్వాత పిట్టగోడ పట్టుకుని ఏం చేశానో చెప్పక్కర్లేదు. ఆ సైజు సిగార్‌కి ముప్పావు గంట నుంచి గంట పడుతుందని తర్వాత తెలిసింది.

అందుకని మొదటి మాట: తిని కూర్చోండి. నిజంగానే, కూర్చోండి. సిగార్ పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చేది కాదు, నోట్లోకి తీసుకుని, రుచి చూసి వదిలెయ్యాలి. సిగరెట్ పొగకి ఆమ్ల గుణం ఎక్కువ, నికోటిన్ బాగా ఎక్కాలంటే లోపలికి పీల్చాల్సిందే. సిగార్ ఆకుని గాలికి ఆరబెట్టి, మగ్గబెట్టి తయారు చేస్తారు, దాని పొగకి క్షార గుణం ఎక్కువ కాబట్టి నోటి చర్మం నుంచే నికోటిన్ రక్తంలో కలిసిపోతుంది. నేను ఖాళీ కడుపుతో, ఇరవై నిమిషాల్లో, అదీ లోపలికి పీల్చి మరీ కాల్చాను, ఇంక పడిపోకుండా ఎలా ఉంటాను? ఇప్పుడైతే పక్కన మంచినీళ్లు, ఒక అనకాపల్లి బెల్లం ముక్క పెట్టుకుంటాను. తల తేలిపోతున్నట్టుంటే సిగార్ పక్కన పెట్టి బెల్లం చప్పరిస్తా, నాకైతే పనిచేస్తుంది.

ఇక స్పీడు సంగతి. నిమిషానికి ఒక దమ్ము, అంతకంటే ఎక్కువ వద్దు. గడియారం చూస్తూ కాల్చమని కాదు, అంతకంటే దరిద్రం లేదు. ఫోన్‌లో పాట పెట్టుకోండి, ఒక పాట అయ్యేలోపు నాలుగైదు దమ్ములు, అంతే. మేడ మీంచి సముద్రం కనిపిస్తే ఇంకా మంచిది, పోర్టులోకి రావడానికి వరస కోసం ఆగిన ఓడల లైట్లు లెక్కపెడుతూ కూర్చోవచ్చు, నేను ఎన్నిసార్లు లెక్కపెట్టినా ఒక్కసారీ ఒకే లెక్క రాలేదు.

ఎందుకింత నిదానం అంటే, వేడి. లాగినప్పుడల్లా నిప్పు రాజుకుంటుంది, వెంటవెంటనే లాగితే చల్లారే టైమ్ ఉండదు, ఆకు మాడిపోతుంది, మాడిన పప్పులో పోపు రుచి తెలుస్తుందా మరి? అప్పటిదాకా కాఫీలా, బాదంలా, తడి మట్టిలా తగిలినవన్నీ పోయి చేదు ఒక్కటే మిగులుతుంది. వేడెక్కిందని కనిపెట్టడం తేలికే. నుసికి ఒక అంగుళం ఇవతల సిగార్‌ని రెండు వేళ్లతో మెల్లగా నొక్కి చూడండి. గోరువెచ్చగా, కాస్త గట్టిగా ఉండాలి. వేలికి చురుక్కుమన్నా, మెత్తబడినా, నాలుక కొస మండినా రెండు మూడు నిమిషాలు ముట్టుకోకండి. ఆ తర్వాత లాగకుండా, సిగార్ లోంచి బయటికి మెల్లగా ఒకసారి ఊదండి, లోపల నిలిచిన పాత పొగ పోతుంది. వేడి అంటే గుర్తొచ్చింది, మన ఉత్తరాంధ్ర పల్లెల్లో ఆడవాళ్లు నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ చూసే ఉంటారు, అంగిట్లో క్యాన్సర్ రావడానికి అదొక పెద్ద కారణం. నిప్పు బయట ఉన్నంత మాత్రాన సిగార్ క్షేమం అనుకోకండి, ఇదీ నోటి క్యాన్సర్ తెచ్చేదే. నేను నెలకి ఒకటి దాటను.

మన ఊళ్లో ఇంకో రెండు తలనొప్పులు: గాలి, చెమ్మ. సాయంత్రం సముద్రపు గాలి కొలిమి తిత్తిలా పనిచేస్తుంది, మీరు లాగకపోయినా అదే లాగేస్తుంది, పైగా ఒక పక్క గబగబా కాలి రెండో పక్క పచ్చిగా మిగులుతుంది. గాలికి వీపు పెట్టి కూర్చోండి, సిగార్‌ని అప్పుడప్పుడు కొంచెం కొంచెం తిప్పుతూ ఉండండి, దమ్ములు ఇంకా తగ్గించండి. చెమ్మది ఇంకో రకం గొడవ. సిగార్‌కి 65 నుంచి 70 శాతం తేమ సరిపోతుంది, మన గాలిలో చాలా రోజులు అంతకంటే ఎక్కువే ఉంటుంది. నానిన సిగార్ మాటిమాటికీ ఆరిపోతుంది, ఆరిపోతుందన్న టెన్షన్‌తో మనం గట్టిగా లాగుతాం, మళ్లీ కథ మొదటికొస్తుంది. వానాకాలంలో కాల్చే ముందు రెండు మూడు గంటలు ఏసీ గదిలో కవర్ తీసి పెడతాను, తేడా బాగా తెలుస్తుంది.

ఆరిపోతే ఆరిపోనివ్వండి, పరువేం పోదు. మా తాత మధ్యాహ్నం అన్నం తిని అరుగు మీద లంక పొగాకు చుట్ట ముట్టించేవాడు, నాలుగు దమ్ములు లాగి చూరులో దోపేసేవాడు, సాయంత్రం మళ్లీ అదే చుట్ట. సిగార్‌తో అంత సాగదీయలేం, కంపు కొడుతుంది, కానీ ఒక అరగంటలోపైతే నుసి దులిపి, ఒకసారి ఊది, మంట ఆకుకి తగలకుండా కొంచెం ఎడంగా పెట్టి వెలిగించుకోవచ్చు. నుసి కూడా పదేపదే కొట్టక్కర్లేదు, అంగుళం దాకా నిలబడితే నిలబడనివ్వండి, నిప్పుని అదే చల్లగా ఉంచుతుంది. ఒళ్లో పడితే మాత్రం నన్ను అనకండి.

చివరి మూడో వంతుకి వచ్చేసరికి తారూ తడీ అక్కడే పోగుపడి ఉంటాయి, ఘాటు పెరుగుతుంది, కాబట్టి నిమిషానికి ఒకటి కాస్తా రెండు నిమిషాలకి ఒకటి చెయ్యండి. డబ్బులు పెట్టాం కదా అని వేళ్లు కాలేదాకా లాగొద్దు. రుచి పోయిందనిపించగానే ఆపెయ్యండి.

ఇదంతా సొంత మేడ మీదే సుమా. హోటళ్లలో, జనం మసిలే చోట్ల కాలిస్తే 2003 నాటి చట్టం ప్రకారం 200 దాకా జరిమానా, పక్కవాళ్ల తిట్లు వేరే.

ఆపేటప్పుడు సిగరెట్‌లా నలపకండి, కంపు మేడంతా పట్టేస్తుంది. యాష్‌ట్రేలో అలా వదిలేస్తే కాసేపట్లో దానంతటదే ఆరిపోతుంది. ఆరాక చెయ్యి పెట్టి చూసి, పీకని కిందికి తీసుకెళ్లి పారెయ్యండి, పొద్దున్నే బట్టలు ఆరెయ్యడానికి ఇంట్లోవాళ్లు పైకొచ్చేలోపు.